పతకాలు పెరిగాయి, ఫోటోలు మాత్రం ఒకేలా తయారయ్యాయి

నెల్లూరులోనో ఒంగోలులోనో ఫోటో క్లబ్ ఎగ్జిబిషన్ పెట్టారంటే, గోడల మీద ఏముంటాయో లోపలికి వెళ్లకముందే చెప్పేయొచ్చు. సాయంత్రం ఎండలో దుమ్ము లేపుకుంటూ పోయే గొర్రెల మంద, వెనకాల భుజాన గొంగళితో కాపరి. మైపాడులోనో కొత్తపట్నంలోనో వల విసురుతున్న మత్స్యకారుడు, అదీ వల గుండ్రంగా విచ్చుకున్న క్షణంలోనే. ముడతలు పడ్డ ముసలాయన ముఖం, చుట్ట పొగ. నేలపట్టు చెరువులో రెక్కలు చాచి దిగుతున్న గూడబాతు. బండ లాగుడు పోటీలో నురగలు కక్కుతున్న ఒంగోలు గిత్తలు. వీటిలో చెత్త ఫోటో ఒక్కటీ ఉండదు. ఫోకస్ కుదురుతుంది, వెలుగు కుదురుతుంది, ఫ్రేమ్‌లో అనవసరమైనది ఏదీ కనపడదు. కానీ కింద పేర్లు తీసేస్తే ఏది ఎవరు తీశారో తీసినవాళ్లకే తెలియదు.

ఇది ప్రతిభ లేక వచ్చిన సమస్య కాదు. ఈ క్లబ్బుల్లో ఉండేది ఎవరు? స్కూలు టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, నాలుగైదు ఫోటో స్టూడియోల ఓనర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లు. తెల్లవారుజామున లేచి, సొంత పెట్రోలు పోసుకుని, ఉదయగిరి కోటకో కంభం చెరువుకో భైరవకోనకో వెళ్లొచ్చే ఓపిక ఉన్నవాళ్లు. ఇంత ఓపిక ఉన్నవాళ్లంతా ఒకే ఫోటో ఎందుకు తీస్తున్నారు? నా లెక్కలో జవాబు పోటీల్లో ఉంది. ఇంకా చెప్పాలంటే, ఆ పోటీల్లో మార్కులు వేసే పద్ధతిలో ఉంది.

అంతర్జాతీయ సలాన్ అనే పోటీ ఎలా నడుస్తుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఒక క్లబ్ పోటీ ప్రకటిస్తుంది. ఫియాప్ అనే అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య, ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా, మన దేశంలో 1953లో ఏర్పడ్డ ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ లాంటి సంస్థల గుర్తింపు తెచ్చుకుంటుంది. కలర్, మోనోక్రోమ్, నేచర్, ట్రావెల్ అని విభాగాలు పెడుతుంది. ఒక్కో విభాగానికి మామూలుగా నాలుగు ఫోటోలు పంపాలి, ఎంట్రీ ఫీజు కట్టాలి. జ్యూరీ మార్కుల ప్రకారం ఒక గీత గీస్తారు. గీతకు పైన ఉన్నవి ‘యాక్సెప్టెన్స్’, కింద ఉన్నవి ఇంటికి. ఈ యాక్సెప్టెన్సులు ఎన్ని, ఎన్ని దేశాల్లో వచ్చాయి అని కూడుకుంటూ పోతే కొన్నాళ్లకు పేరు చివర ఏఫియాప్, ఈఫియాప్ లాంటి బిరుదులు పెట్టుకోవచ్చు. మూడు నాలుగు సలాన్లను కలిపి ‘సర్క్యూట్’గా నడిపితే ఒకే ఫోటోకి ఒకే విడతలో మూడు నాలుగు యాక్సెప్టెన్సులు పడే వీలుంటుంది. అంటే ఇది లెక్క పెరిగే ఆట. లెక్క పెరగాలంటే గెలిచిన ఫోటో లాంటిదే ఇంకొకటి తీయడం అన్నిటికన్నా సులువైన దారి.

అలాగని సలాన్లను తీసిపారేయడానికి లేదు. కావలిలో ఉండే టీచర్‌కి హైదరాబాద్, చెన్నై గ్యాలరీల్లో ఎవరూ తెలియదు. సలాన్‌లో ఆయన ఫోటో పేరు లేకుండా తెర మీద పడుతుంది. ఏ ఊరు, ఎవరి అబ్బాయి, ఏ కెమెరా అని ఎవరూ అడగరు. మన సమాజంలో ఈ మాత్రం సమానత్వం దొరికే చోట్లు ఎన్ని ఉన్నాయి? విదేశీ జ్యూరీ ఒకరు తన ఫోటో ఒప్పుకున్నారన్న ఉత్సాహంతో ఎడిటింగ్ నేర్చుకున్నవాళ్లు, ఈఎంఐ మీద మంచి లెన్స్ కొన్నవాళ్లు ప్రతి క్లబ్‌లోనూ ఉంటారు. అది నిజమైన లాభమే.

గొడవంతా మార్కుల పద్ధతితోనే. వేలల్లో వచ్చే ఎంట్రీలను ముగ్గురు జడ్జీలు చూడాలి. ఒక్కో ఫోటో తెర మీద ఉండేది కొన్ని సెకన్లు. అంతలో కంటికి పట్టేది ఏది? మధ్యలో ఒకే వస్తువు, చుట్టూ చీకటి, ఘాటైన రంగు, పెద్ద చర్య. నెల్లూరు చేపల పులుసు మర్నాడు తింటేనే అసలు రుచి అంటారు కదా, కొన్ని ఫోటోలూ అంతే. మొదటిసారి చూస్తే ఏమీ అనిపించదు, రెండు రోజులు గోడ మీద ఉంటే వదలదు. అలాంటి ఫోటో సలాన్ తెర మీద బతకదు.

ఇంకో చిక్కు కూడికలో ఉంది. జడ్జీలు అయిదేసి మార్కులకు వేస్తారనుకుందాం. ఒక ఫోటో ఒక జడ్జికి పిచ్చిగా నచ్చి అయిదు వేశాడు, మిగతా ఇద్దరికీ ఎక్కలేదు, రెండేసి వేశారు. మొత్తం తొమ్మిది. ఇంకో ఫోటో ముగ్గురికీ ఫర్వాలేదనిపించింది, మూడు, మూడు, నాలుగు. మొత్తం పది. గీత పది దగ్గర పడితే ‘ఫర్వాలేదు’ లోపలికి, ‘పిచ్చి’ బయటికి. ఇందులో ఎవరి కుట్రా లేదు, సగటు తీస్తే జరిగేది అదే. ఏళ్ల తరబడి ఇలా జల్లెడ పడితే ఎవరికీ అభ్యంతరం లేని ఫోటోలే మిగులుతాయి. విచిత్రం ఏమిటంటే, ఆ ఒత్తిడి లేని నెలవారీ క్లబ్ పోటీల్లో కూడా మనవాళ్లు ఇదే పద్ధతి పెట్టుకున్నారు. పాతిక ఎంట్రీలు వచ్చే పోటీకి వేల ఎంట్రీల తొందర దేనికో నాకు అర్థం కాదు.

ఈ తొందరలోంచే ఏర్పాట్లు పుట్టాయి. జోడిపి రకం గొర్రెల మంద వెలుగు సరిగ్గా ఉన్న పది నిమిషాల్లో మన ముందుకు రావడం ఎప్పుడో గానీ జరగదు. కాపరికి కొంత ముట్టజెప్పి, ఒకే దారిలో మందను అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పిస్తే జరుగుతుంది. దేశమంతా ఫోటో టూర్ల పేరుతో నడుస్తున్నది ఇదే. పది కెమెరాలు వరసగా నిలబడతాయి, పది ఒకేలాంటి ఫోటోలు పది సలాన్లకు వెళ్తాయి. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. 2019లో దుబాయ్‌లో ఇచ్చే హిపా అనే అంతర్జాతీయ ఫోటోగ్రఫీ అవార్డు పోటీలో 1,20,000 డాలర్ల గ్రాండ్ ప్రైజ్ వియత్నాంలో తీసిన ఒక తల్లీబిడ్డల ఫోటోకి వచ్చింది. ఆ తల్లి చుట్టూ కెమెరాలతో గుమిగూడిన ఫోటోగ్రాఫర్ల దృశ్యం తర్వాత బయటికొచ్చి పెద్ద దుమారం రేగింది. తాను ఏమీ ఏర్పాటు చేయలేదనే ఫోటోగ్రాఫర్ చెప్పాడు. ఏర్పాటు ఉన్నా లేకపోయినా, ఒకరి పేదరికం చుట్టూ అంతమంది నిలబడి క్లిక్ కొట్టడం చూసినవాళ్లకు నచ్చలేదు. ట్రావెల్ విభాగంలో ఫోటో కోసమే ఏర్పాటు చేసిన సన్నివేశాలు, డబ్బిచ్చి నిలబెట్టిన మనుషులు కుదరరని అమెరికన్ సొసైటీ నిర్వచనంలోనే ఉంది. కానీ కాపరికి డబ్బులిచ్చారో లేదో ఫోటో చూసి ఎవరు చెప్పగలరు?

నేచర్ విభాగం నియమాలు కాగితం మీద ఇంకా గట్టివి. ఫోటోలో ఏదీ చేర్చకూడదు, ఏదీ తీసేయకూడదు, క్రాప్ చేసుకోవచ్చు. జీవి క్షేమం ఫోటో కన్నా ముఖ్యమని కూడా రాసి ఉంటుంది. నేలపట్టు 2022 విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, నెల్లూరు ఫోటోగ్రాఫర్లకు చలికాలం ఆదివారాల చిరునామా అదే. అక్కడ పక్షులు వచ్చేది గూళ్లు పెట్టడానికి. గూటి మీద కూర్చున్న పక్షిని మన హడావిడితో లేపితే గుడ్లూ పిల్లలూ ఎండకి, కాకులకి వదిలేసినట్టే. ఈ విషయంలో క్లబ్ చేయగల పని చాలా చిన్నది. గూళ్ల ఫోటోలు మా పోటీకి తీసుకోం అని ఒక్క వాక్యం రాస్తే చాలు, మార్కు రాని చోటికి లెన్స్ దానంతటదే తిరగదు.

పక్షుల సంగతి ఇలా ఉంటే మనుషుల సంగతి ఇంకా సున్నితం. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు ఒడ్డున రొట్టెల పండుగ జరుగుతుంది. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అంటూ కోరికను బట్టి జనం నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. మతంతో పనిలేకుండా ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఫోటోకి ఇంతకన్నా గొప్ప సందర్భం జిల్లాలో లేదు, ఒప్పుకుంటాను. కానీ సంతానం రొట్టె అందుకుంటున్న ఆడమనిషి తడిబట్టల్లో నిలబడి ఉంటుంది, కళ్లలో నీళ్లు ఉంటాయి. ఆ ముఖాన్ని దూరం నుంచి టెలిఫోటోతో లాగి, ‘ఆశ’ అనో ‘ప్రార్థన’ అనో పేరు పెట్టి పోటీకి పంపేవాళ్లలో ఎంతమంది ఆమెను అడిగి ఉంటారు? బహిరంగ స్థలంలో తీయడానికి చట్టం అడ్డు రాదని వాదిస్తారు. మన ఇంటి ఆడవాళ్ల ఫోటో అలా ఎవరైనా తీస్తే చట్టం మాట్లాడతామా?

అసలు నష్టం వేరే చోట ఉందని నాకనిపిస్తుంది. పోటీకి పనికొచ్చేవే తీస్తున్నామంటే, పోటీకి పనికిరానిదంతా తీయకుండా వదిలేస్తున్నామని అర్థం. ప్రకాశం జిల్లాలో పొగాకు సీజన్ తీసుకోండి. ఆకు కొట్టడం, ఆడవాళ్లు కూర్చుని కర్రలకు కట్టడం, రాత్రంతా మేలుకుని బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గది, కాల్చడం, గ్రేడింగ్, చివరికి టంగుటూరులోనో కొండపిలోనో వేలం కేంద్రంలో ధర కోసం నిలబడ్డ రైతు ముఖం. ఇందులో ఒక్క ఫోటోగా సలాన్ తెర మీద నిలిచేది బహుశా ఒక్కటీ లేదు. బ్యారన్ అంటే బయటికి ఒట్టి గోడ. వరసగా పది ఫోటోలు పెడితే మాత్రం ఈ జిల్లాలో సగం మంది తమ ఇంటి కథ అందులో చూసుకుంటారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలు కూడా అంతే. బ్లాక్ గెలాక్సీ రాయి ప్రపంచమంతా వెళ్లింది. క్వారీ గోడల జ్యామితి మీద అందమైన నలుపు తెలుపు ఫోటోలు వచ్చాయి గానీ, అక్కడ పనిచేసే మనిషి వాటిలో చీమంత కూడా కనపడడు. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరాలు ఇంకా బతికే ఉన్నాయి, ఆ పలకలు చేసిన చేతుల ఫోటోలు ఎన్ని ఉన్నాయో వెతకండి.

2021 నవంబర్ సంగతి నెల్లూరువాళ్లు మర్చిపోలేదు. పెన్నా పొంగి కాలనీలు మునిగాయి, జాతీయ రహదారి ఆగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ రోజుల ఫోటోలు వాట్సాప్‌లో వేలకు వేలు తిరిగాయి. ఇప్పుడు అడిగితే ఏది ఏ కాలనీ, ఏ తేదీ, నీళ్లు ఏ గుమ్మం దాకా వచ్చాయి అని చెప్పగలిగే ఫోటోలు ఎన్ని దొరుకుతాయి? ఏడాది తిరక్కుండానే, 2022 సెప్టెంబర్‌లో, సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. అంతకుముందు నది ఎలా ఉండేది, గట్టు మీద ఎవరుండేవాళ్లు అన్నది ఎవరో ఒకరి హార్డ్‌డిస్క్‌లో పేరూ తేదీ లేకుండా పడి ఉంటుంది, హార్డ్‌డిస్క్ పోతే అదీ పోతుంది. జిల్లాలో మంచి కెమెరాలు, వాటిని వాడటం తెలిసినవాళ్లు ఒకేచోట దొరికేది ఫోటో క్లబ్బుల్లోనే. ఈ పని వాళ్లు చేయకపోతే ఇంకెవరూ చేయరు.

అందుకే నెలవారీ పోటీని సలాన్ రిహార్సల్‌గా నడపడం మానేయాలంటాను. సలాన్‌కి పంపాలనుకున్నవాళ్లు ఎలాగూ పంపుకుంటారు. క్లబ్ పోటీకి విడి ఫోటోలు కాకుండా అయిదారు ఫోటోల వరస అడగాలి. విషయం ముందే చెప్పాలి, అదీ ‘ఆనందం’, ‘వెలుగునీడలు’ లాంటి గాల్లో మాట కాకూడదు. ‘పెన్నా గట్టు’, ‘రొయ్యల చెరువు దగ్గర రాత్రి’, ‘ఊరి ఆర్టీసీ బస్టాండు’ లాంటిది కావాలి. ప్రతి ఫోటోకి ఊరు, తేదీ, ఏం జరుగుతోందో రెండు వాక్యాల తెలుగు క్యాప్షన్ తప్పనిసరి చేయాలి. ఇది వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ దీనివల్ల ఒక మేలుంది. క్యాప్షన్ రాయాలంటే ఎదుటి మనిషి పేరు అడగాలి, పేరు అడిగితే మాట కలుస్తుంది, మాట కలిశాక దూరం నుంచి దొంగచాటుగా తీయాల్సిన అవసరం తగ్గుతుంది.

తెర మీద చూపించే బదులు చిన్న సైజువైనా ప్రింట్లు తెమ్మనాలి. బల్ల మీద పరిచి, తీసినవాళ్లు నోరెత్తకుండా ముందు మిగతావాళ్లు మాట్లాడాలి. ఏం కనపడింది, ఏం కనపడలేదు, ఏది ముందు పెడితే కథ నడుస్తుంది అన్నవే మాటలు. ఇందులో ‘సూపర్ సార్’, ‘అద్భుతం అన్నా’ అనే పొగడ్తలకు చోటుండదు, కొందరికి కోపమూ వస్తుంది. రానివ్వండి. ఫోన్‌తో తీసేవాళ్లని కూడా ఈ బల్ల దగ్గరికి రానిస్తే, ఏ లెన్స్, ఎంత రేటు అనే కబుర్లు కాస్త తగ్గుతాయి. ఆడవాళ్లు క్లబ్‌కి ఎక్కువగా రావట్లేదని బాధపడే కమిటీలు, ఫోటోవాక్‌లన్నీ తెల్లవారుజాము అయిదింటికి పెట్టి ఆ మాట ఎలా అంటాయో నాకు తెలియదు. ఎవరికి వంట, ఎవరికి పిల్లల స్కూలు అన్నది గుర్తుంచుకుని ఒక సాయంత్రం పెట్టి చూడొచ్చు.

ఇప్పుడు ఏఐ భయం ఒకటి వచ్చింది. 2023లో సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ అవార్డుల్లో బోరిస్ ఎల్డాగ్‌సెన్ అనే జర్మన్ కళాకారుడు తాను పంపిన బొమ్మ ఏఐతో చేసిందే గానీ కెమెరాతో తీసింది కాదని చెప్పి బహుమతి వద్దన్నాడు. అప్పటి నుంచి క్లబ్బులు రా ఫైల్, అంటే కెమెరా దాచుకున్న అసలు ఫైల్, చూపించాలనే నిబంధన గురించి మాట్లాడుతున్నాయి. మంచిదే. కానీ అయిదు ఫోటోల వరస, ఊరు పేరు, మనిషి పేరు ఉన్న పోటీలో మోసం చేయడం కష్టం. ఊళ్లో ఎవరో ఒకరు ‘మా మావయ్య బ్యారన్ అది కాదే’ అనేస్తారు.

డబ్బు సంగతి కూడా చూడాలి. ఆగస్టు 19, అంటే 1839లో డాగురోటైప్ అనే తొలినాటి ఫోటో పద్ధతిని పారిస్‌లో బయటపెట్టిన రోజున, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం పేరుతో ఎగ్జిబిషన్ పెట్టి, శాలువాలు, మెమెంటోలు, ముఖ్య అతిథికి పూలదండ ఇవ్వడం మామూలైపోయింది. ఆ మెమెంటోలు చివరికి ఎవరి అల్మారాలో దుమ్ము కొట్టుకుంటాయో అందరికీ తెలుసు. అదే డబ్బుతో, ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కుతూ మనకు ఫోటోలిచ్చిన కళాకారులకు, రొట్టెల పండుగలో పేరు అడిగి తీసిన కుటుంబాలకు తలా ఒక ప్రింట్ చేర్చొచ్చు. ఎగ్జిబిషన్‌ని హాల్లో పెట్టాక వారం పాటు టంగుటూరు వేలం కేంద్రం దగ్గరికో, పడుగుపాడుకో తీసుకెళ్లొచ్చు.

ఇదంతా కమిటీ మీటింగ్‌లో పెడితే మొదటి అభ్యంతరం పేరు చివర బిరుదులున్న సీనియర్ల నుంచే వస్తుంది. వాళ్ల కంటికి ఉన్న అనుభవం క్లబ్‌లో ఇంకెవరికీ లేదు కాబట్టి, మొదటి ఏడాది ఆ ప్రింట్ల బల్లకి వాళ్లనే పెద్దలుగా కూర్చోబెట్టాలి. అందులో సగం మందికి పొగాకు బ్యారన్ పక్కన గడిచిన చిన్నతనం ఉంటుంది, ఏ ఫోటోలో ఏం తప్పిపోయిందో వాళ్లే చెప్పగలరు.