ఫొటోలో పడని కృత్యం

ముందస్తు తయారీ అక్కర్లేకుండా, అయిదే నిమిషాల్లో తరగతి మొత్తాన్ని పాఠంలోకి లాక్కొచ్చే కృత్యం ఉంటుందని ఎవరైనా అంటే నవ్వకండి. చూపు లేని పిల్లవాడు, వినపడని పాప, నోరు విప్పని పిల్ల, కుదురుగా కూర్చోలేని బుడతడు అందరూ అందులోకి వస్తారు. నేను కిందటి వారమే చేశాను.

దాని పేరు 'నాలుగు మూలలు'. గది మూలల్లో 'పూర్తిగా ఒప్పుకుంటాను', 'ఒప్పుకుంటాను', 'ఒప్పుకోను', 'అస్సలు ఒప్పుకోను' అని నాలుగు కాగితాలు అంటించాలి. మనం ఒక మాట చెప్పగానే పిల్లలు తమకు నచ్చిన మూలకు వెళ్లి నిలబడాలి. తయారీ సున్నా. ఆ సున్నా కోసం ముందు రోజు రాత్రి పదకొండింటి దాకా రంగు కాగితాలు కత్తిరించాను. తెల్లారి చక్రాల కుర్చీలో ఉన్న పాప, బెంచీల మధ్య సందు చాలక నడిమధ్యనే ఆగిపోయింది. ఆమెకు ఏ అభిప్రాయమూ లేదని రాసుకున్నాను. చూపు లేని పిల్లవాడు చప్పుడు ఎక్కువున్న మూలకు వెళ్లాడు. మిగతా వాళ్లు కూడా అదే మూలకు వెళ్లారులెండి, వాళ్లు జనాన్ని చూసి వెళ్లారు. ఫొటో మాత్రం అదిరింది.

వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ ఒకే తరగతిలో కలిసి చదవాలనే ఈ సహిత విద్య వ్యవహారం ఇవాళ్టిది కాదు. 1994 జూన్‌లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాలు, 25 అంతర్జాతీయ సంస్థలు సమావేశమై, బడే పిల్లలకు తగ్గట్టు మారాలని తీర్మానించాయి. 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 24వ అధికరణంలో దాన్ని హక్కుగా రాసింది. బడి మారడమంటే మాటలా? గుమ్మం, బెంచీ, పరీక్ష పేపరు, టైంటేబుల్ అన్నీ కదలాలి. వాటన్నిటికంటే కాగితం కత్తిరించడం తేలిక. అందుకే కత్తెర పట్టాం.

కృత్యాల్లో మహారాజు లాంటిది ఇంకొకటుంది: 'ఆలోచించు, జతకట్టు, పంచుకో'. ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ విద్యావేత్త 1981లో దీన్ని ప్రతిపాదించాడు. ప్రశ్న విన్నాక పిల్లలు ముందు ఎవరికి వారు ఆలోచిస్తారు, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడుకుంటారు, ఆఖరున అందరికీ చెబుతారు. పదిమందిలో మాట్లాడాలంటే వణికే పిల్లకు, ముందు ఒక్కరితో చెప్పి చూసుకునే వీలు దొరుకుతుంది. మా తరగతిలో కాస్త వేగం పెంచాం. నేను ప్రశ్న పూర్తి చేయకముందే ముందు బెంచీ కుర్రాడు పంచుకుంటాడు. ఆ జవాబు రాసుకోవడానికి అందరూ వాడితో జతకడతారు. ఆలోచన ఏదైనా మిగిలితే ఇంటి దగ్గర చేసుకోవచ్చు.

ఇక అసలు ప్రమాదానికి వస్తాను. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల సంభాషణలు రికార్డు చేసి విన్నది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగి, జవాబు రాకపోతే ఇంకొకరిని అడగడమో, తామే చెప్పేయడమో చేస్తున్నారని తేల్చింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయట, చెప్పేవాళ్ల సంఖ్యా పెరుగుతుందట. చార్టు వద్దు, రంగు వద్దు, జిగురు వద్దు. ఇదేం భాగ్యమని మర్నాడే ప్రయత్నించాను.

ఒకటో సెకను బాగానే గడిచింది. రెండో సెకనులో ఫ్యాను చప్పుడు వినిపించడం మొదలైంది. నాకు జవాబు తెలియదేమోనని పిల్లలు జాలిగా చూశారు. మూడో సెకనులో నా చెయ్యి దానంతటదే సుద్దముక్క కోసం వెళ్లింది. సరిగ్గా అప్పుడు, ఏడాదిగా నోరు విప్పని వెనక బెంచీ పిల్ల చెయ్యెత్తింది. ఏం చెప్పిందో నేను వినలేదు, టెన్షన్‌లో ఉన్నాను.

ఇంటికెళ్లి లెక్క వేశాను. పీరియడ్‌కి 40 ప్రశ్నలు, ప్రశ్నకు 3 సెకన్లు. అంటే 2 నిమిషాలు. రోజుకు 6 పీరియడ్లకు 12 నిమిషాలు. 200 పనిదినాలకు అక్షరాలా 40 గంటలు! ఇంత మౌనం భరిస్తే సిలబస్ ఏ గంగలో కలవాలి? 'సైలెన్స్' అని అరవడానికి పట్టే సమయం ఇందులో కలపలేదు. అది క్రమశిక్షణ పద్దు.

ఈ గొడవ చాలదన్నట్టు, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం వారానికోసారి వచ్చే టీచరు ఒకావిడ నా పాఠం మొత్తం వెనక కూర్చుని విన్నది. బయటికొచ్చాక, "రాసేటప్పుడు మాట్లాడకండి, రాయడం అయ్యాక ఇటు తిరిగి చెప్పండి. బోర్డు మీద 'ఇది', 'అది' అని చూపించకుండా, రాసింది చదివి వినిపించండి" అంది.

"దీని పేరేంటండీ?" అన్నాను.

"పేరేముంది? తిరగడం, చదవడం."

"ఎన్ని నిమిషాల కృత్యం?"

"రోజంతా."

ఆవిడకి అనుభవం తక్కువని అర్థమైంది. మా రిపోర్టు ఫారంలో కృత్యం పేరు, సామగ్రి, పట్టిన సమయం, జతపరిచిన ఫొటో అని నాలుగు గడులుంటాయి. నేను తిరగడాన్ని ఎవరు ఫొటో తీస్తారు? తీసినా తిరిగి ఉన్న మనిషి కనిపిస్తుంది గానీ, తిరిగినట్టు ఎక్కడ కనిపిస్తుంది?

అందుకే నమ్మకమైన పద్ధతికే వచ్చాను: గుమ్మం చీటీ. పీరియడ్ చివర పిల్లలు ఈ రోజు ఏం అర్థం కాలేదో చిన్న కాగితం మీద రాసి వెళ్లిపోతారు. వాటిని చూసి మర్నాటి పాఠం మార్చుకోవాలని శాస్త్రం. మనకి చీటీలున్నాయి కాబట్టి శాస్త్రంలో సగం పాటించినట్టే. మూడు నెలల చీటీలు బీరువాలో కట్టలు కట్టి ఉన్నాయి, కట్టకో రంగు రిబ్బను.

మొన్న ఫొటో కోసం ఒకటి పైకి తీశాను. పెదాల కదలిక చూసి మాట పట్టుకునే పాప రాసింది. "టీచర్, మీరు బోర్డు వైపు తిరిగి చెప్పినవన్నీ అర్థం కాలేదు. తేదీ మాత్రం అర్థమైంది, అది రాసి ఉంది."

ఒక్క అక్షరదోషం లేదు. దస్తూరి ముత్యాల్లా ఉంది. ఎర్ర పెన్నుతో 'చాలా బాగుంది' అని రాసి, ఫొటో తీసి పైకి పంపాను. ఈ నెల ఉత్తమ కృత్యం మాదేనట.