లోయను చూసి భయపడాలా, ఎర్ర సిగ్నల్‌ను చూసా?

విశాఖ మర్రిపాలెంలో రైల్వే క్వార్టర్ల వెనక వీధి. వాదిస్తున్నది మేనమామ, మేనకోడలు. ఆయన కొత్తవలస–కిరండూల్ లైన్లో, అంటే అందరూ అనే కేకే లైన్లో, గూడ్సు నడిపి రిటైరైన లోకో పైలట్. ఆవిడ అరకు, పాడేరు, లంబసింగి టూర్లు నడుపుతూ ఆ దారుల వీడియోలు తీస్తుంది. "ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన రోడ్లు, రైలు మార్గాలు" అని జాబితాలు కట్టి చూపించడం మంచిదేనా అన్నది అంశం. మంచిదేనని ఆవిడ, కాదని ఆయన.

మేనకోడలు: బొలీవియాతో మొదలెడతాను మావయ్యా. లా పాజ్ నుంచి కొరోయికో వెళ్లే ఉత్తర యుంగాస్ రోడ్డు. సుమారు 4,650 మీటర్ల ఎత్తున్న కనుమ దగ్గర మొదలై 1,200 మీటర్లకు దిగిపోతుంది. చాలాచోట్ల వెడల్పు మూడు మీటర్లే, పక్కన గోడ ఉండదు. 1930లలో పరాగ్వే యుద్ధ ఖైదీల చేత తవ్వించారు. 1983లో ఒక్క బస్సు పడి వందమందికి పైగా పోయారు. 1995లో అంతర్ అమెరికా అభివృద్ధి బ్యాంకు దాన్ని ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన రోడ్డు అంది. 2006కి ప్రత్యామ్నాయంగా కొత్త రోడ్డు వచ్చింది. భయం పుట్టేలా చెబితేనే పైవాళ్లు కదులుతారు.

మావయ్య: బ్యాంకు వాళ్లు పోయిన ప్రాణాలు లెక్కగట్టి చెప్పారమ్మా. మీరు చూపించేది లోయ లోతు. ఆ రోడ్డు గురించి నేనొకటి అడుగుతాను. బొలీవియా అంతటా బండ్లు కుడివైపు నడుస్తాయి, ఆ ఒక్క రోడ్డు మీద ఎడమవైపు. ఎందుకో ఏ వీడియోలోనైనా చెప్పారా?

మేనకోడలు: నువ్వే చెప్పు.

మావయ్య: అక్కడ స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. దిగే బండి ఎడమవైపు, లోయ అంచున పోతుంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, చక్రానికీ అంచుకీ మధ్య ఎంత మట్టి మిగిలిందో కళ్లారా చూసుకోవచ్చు. ఎదురుగా బండి వస్తే దిగేవాడే ఆగాలి, ఎక్కేవాడికి దారివ్వాలి. ఆ రోడ్డు మీద ప్రాణాలు కాపాడింది ఈ రెండు పద్ధతులు. డ్రోన్ ఎగరేస్తే ఇవి కనపడవు.

మేనకోడలు: అన్నీ ఒక్క గాటన కట్టీకు. చైనాలో గువోలియాంగ్ సొరంగం సంగతి చూడు. తైహాంగ్ కొండల్లో చిన్న ఊరు, బయటికి దారి లేదు. 1972లో ఊరివాళ్లే మేకలు, మూలికలు అమ్ముకుని సుత్తులు, ఉలులు కొన్నారు. ఐదేళ్లు నిలువు కొండను చెక్కి, 1.2 కిలోమీటర్ల సొరంగం వేసుకున్నారు. రాళ్లు బయటికి తోసెయ్యడానికి కొండకు కిటికీల్లాంటి కన్నాలు పెట్టారు, ఈరోజు జనం ఆ కిటికీలు చూడ్డానికే వస్తారు. ఆ పనిలో కొందరి ప్రాణాలు పోయాయి కూడా. పాకిస్తాన్‌ను, చైనాను కలిపే కారకోరం హైవే కట్టడంలో ఇంచుమించు వెయ్యిమంది పోయారు. ఇవి చూపించకపోతే ఆ మనుషులను ఎవరు తలుచుకుంటారు?

మావయ్య: వాళ్లను తలుచుకోవడం వేరు, "గుండె ఆగిపోయే దారి" అని పెట్టడం వేరు. మన సంగతికి రా. కేకే లైను ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి దింపి జపాన్ పంపడానికి 1960లలో వేశారు. లైను మొత్తం మీద 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషను వెయ్యి మీటర్లకు కాస్తే తక్కువ. నీ వీడియోలో సొరంగం రాగానే పిల్లల కేకలు వినపడతాయి. నాకు గుర్తుండేది వేరు. లోడు బండి శిమిలిగుడ నుంచి దిగుతున్నప్పుడు నా కళ్లు లోయ మీద ఉండవు, వ్యాగన్ల బ్రేకులకు గాలి పంపే బ్రేకు పైపు గేజి మీద ఉంటాయి. ముల్లు 5 దగ్గర నిలబడాలి. మాటిమాటికీ బ్రేకు వేసి వదిలితే వ్యాగన్లలో గాలి తరిగిపోతుంది, మళ్లీ నిండడానికి టైం కావాలి. ఆ టైం వాలు ఇవ్వదు. అందుకే బరువంతా ఇంజన్ డైనమిక్ బ్రేకు మీద, అంటే ఇంజన్ మోటార్లతోనే వేగం తగ్గించే బ్రేకు మీద, ఆపుకుంటూ, గాలి బ్రేకు దాచుకుంటూ దిగాలి. బయల్దేరే ముందు బండి బ్రేకులు సరిగ్గా ఉన్నాయని రాసిచ్చే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ చేతికి రాకపోతే కదిలేది లేదు.

మేనకోడలు: ఇదంతా జనానికి అర్థమవుతుందంటావా?

మావయ్య: ఇప్పుడు నీకు అర్థం కాలేదేటి? ఘాట్ సెక్షన్లలో క్యాచ్ సైడింగ్ అని ఉంటుంది, కొండ మీదకు ఎక్కి ఆగిపోయే పట్టా. బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు తిప్పే పాయింట్లు మామూలుగా దానికే పెట్టి ఉంచుతారు. దిగే బండి ముందుగా పూర్తిగా ఆగి, బ్రేకు తన చేతిలోనే ఉందని రుజువు చేసుకున్నాకే మెయిన్ లైనుకు తిప్పుతారు. పట్టు తప్పిన బండి ఆ ఎత్తు ఎక్కి ఆగుతుంది. లోయ పక్కన ఇంత కాపలా ఉంది. మరి కాపలా లేనిదెక్కడ? 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర. పలాస ప్యాసింజరును వెనక నుంచి రాయగడ ప్యాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. రెండు బండ్లూ మన విశాఖ స్టేషన్లోనే బయల్దేరాయి. చదును నేల, వరిపొలాలు. ముందు బండిని కాపాడాల్సిన ఎర్ర సిగ్నల్‌ను వెనక బండి దాటిపోయింది. అలాంటప్పుడు బండిని దానంతటదే ఆపగలిగే కవచ్ వ్యవస్థ అప్పటికి ఆ లైన్లో లేదు. ఏ జాబితాలోనైనా కంటకాపల్లి చూశావా?

(ఇక్కడ ఆయన గొంతు పెరిగింది. పక్కన కూర్చుని వింటూ ఇది రాస్తున్న నా మట్టుకు ఈ వాదనలో అన్నింటికన్నా బరువైన మాట ఇదే. ఆ దుర్ఘటన జరిగిన లైన్లో మనవాళ్లు రోజూ పని మీద విజయనగరం వెళ్లొస్తుంటారు.)

మేనకోడలు: చూడలేదు. అయినా ఒక్కటని ఏం లాభం...

మావయ్య: ఒక్కటేనా? 2004 డిసెంబరు 26న శ్రీలంకలో పెరాలియ దగ్గర సునామీ ఒక ప్యాసింజరును ముంచేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. రైలు చరిత్రలో అంత ఘోరం లేదు. అది సముద్రం పక్కన కొబ్బరి తోటల నడుమ పోయే పట్టా. మన దేశంలో రోడ్ల మీద ఏటా లక్షన్నర మందికి పైగా పోతున్నారు. వాళ్లంతా హిమాలయాల్లో పోతున్నారా? ఆనందపురం, కూర్మన్నపాలెం లాంటి జంక్షన్లున్న హైవేల మీద, తిన్నటి రోడ్ల మీద పోతున్నారు. లోయను చూసి భయపడడం నేర్పితే జనం చదును నేల మీద ఏమరుపాటుగా ఉంటారు.

మేనకోడలు: సరే, నేనూ ఒకటి అడుగుతాను. పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఊళ్ల నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తారు. రెండు భుజాలు, ఒక కర్ర, ఒక దుప్పటి. వానకి గెడ్డ పొంగితే గట్టునే ఆగిపోవాలి. వాళ్లకి ఒక సన్నటి ఘాట్ రోడ్డు వేస్తే నీ లెక్కలో అది ప్రమాదకరమైన రోడ్డా? వాళ్లకి అంతకన్నా ప్రమాదం రోడ్డు లేకపోవడం. కొరోయికో వాళ్లయినా, గువోలియాంగ్ వాళ్లయినా ఆ దారి ఎక్కింది అందుకే. ఆ సంగతి నా వీడియోల్లో చెబుతున్నాను. నువ్వు మాత్రం బ్రేకులు, సిగ్నళ్ల దగ్గరే ఆగిపోతున్నావు.

మావయ్య: (కాసేపటికి) ఆ మాట నిజమే. దారి వద్దని నేనెప్పుడూ అనను. దారి వేసినవాడి బాధ్యత అక్కడితో తీరదంటున్నాను. పడమటి తీరం వెంట పోయే కొంకణ్ రైలు లైన్ చూడు. 2003లో, 2004లో కొండరాళ్లు పడి రైళ్లు పట్టాలు తప్పాయి. ఇప్పుడు వానాకాలానికి వేరే టైం టేబుల్, తగ్గించిన వేగం, రాత్రంతా లాంతరు పట్టుకుని కొండను కోసి పట్టా వేసిన చోట్ల తిరిగే మనుషులు. పర్యాటకుడికి ఆ లైన్లో జలపాతాలు కనపడతాయి. ఆ లాంతరు మనిషి ఎవరికి కనపడుతున్నాడు?

మేనకోడలు: అయితే 2021 ఫిబ్రవరిలో అరకు ఘాట్‌లో డముకు దగ్గర టూరిస్టు బస్సు లోయలో పడి నలుగురు పోయారు కదా. అది ఘాట్ రోడ్డే. దాన్నేమంటావు?

మావయ్య: లోయ ఆ రోజు కొత్తగా పుట్టిందేటమ్మా? అన్ని బండ్లూ ఆ మలుపులోనే దిగుతున్నాయి. చీకటి పడ్డాక ఘాట్ దిగకూడదు, దారి తెలియని డ్రైవరు దిగకూడదు, పొద్దుటి నుంచి స్టీరింగు వదలనివాడు అసలే దిగకూడదు. నీ బండ్లు ఎలా దిగుతున్నాయి?

మేనకోడలు: సాయంత్రం ఐదు దాటితే అరకులోనే ఉంచేస్తాను. దిగేటప్పుడు గేరు తగ్గించే దిగాలి, మధ్యలో ఆపి బ్రేకు డ్రమ్ములు చల్లారనివ్వాలి. డ్రైవర్లకి ముందే చెప్పి పంపుతాను.

మావయ్య: ఆ సంగతి టికెట్టు మీద అచ్చేశావా?

మేనకోడలు: లేదు. వేస్తే సగంమంది రాత్రికి ఇంటికి చేర్చే బండి చూసుకుంటారు. నాకు రెండు బండ్ల ఈఎంఐ ఉంది మావయ్యా. అందరికీ ఒకే రూలు పెట్టమను, నేనూ అచ్చేస్తాను.

మావయ్య: రవాణా శాఖకి అర్జీ రాద్దాం. చీకటి పడ్డాక టూరిస్టు బస్సులు ఘాట్ దిగకూడదని, డ్రైవరుకు విశ్రాంతి గంటలు రాసి ఉండాలని. నువ్వు రాయి, మొదటి సంతకం నాది.

మేనకోడలు: దాంతోపాటు డోలీల ఊళ్లకు రోడ్లు వెయ్యమని కూడా రాస్తాను. దానికీ సంతకం పెట్టాలి.

మావయ్య: పెడతాను. ఆ రోడ్లకు పక్కగోడ కూడా కట్టమని రాయి.