తొందర పడవలసింది కోతకు కాదు, ప్రాణానికి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్క కూతురినో మేనమామ కూతురినో చేసుకోవడం నేటికీ వింతేమీ కాదు. అలాంటి ఇంట పుట్టిన బిడ్డ ఆడో మగో చూడగానే చెప్పలేని పరిస్థితి ఎదురైతే, ముందుగా అనుమానించవలసిన వాటిలో మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి లోపం ఒకటి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే జన్యులోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశంతో అది బిడ్డకు సంక్రమిస్తుంది. దగ్గరి రక్తసంబంధంలో ఇద్దరికీ ఆ లోపం ఉండే అవకాశం ఎక్కువ.

పుట్టుకతో వచ్చే ఈ అడ్రినల్ హైపర్‌ప్లాసియాలో సాధారణంగా కొరవడేది 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము. అది లేక, జబ్బు చేసినప్పుడు ఒంటిని నిలబెట్టే కార్టిసాల్ హార్మోను, తీవ్రమైన కేసుల్లో ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టెరాన్ హార్మోను కూడా చాలినంత తయారుకావు. వాటికి వాడవలసిన ముడిపదార్థం పురుష హార్మోన్ల వైపు మళ్లుతుంది. అందుకే సాధారణంగా ఆడవారిలో ఉండే ఎక్స్‌ఎక్స్ క్రోమోజోములు, గర్భాశయం, అండాశయాలు సక్రమంగా ఉన్న ఆడబిడ్డకు కూడా బయటి అవయవాలు మగబిడ్డకున్నట్టు కనిపించవచ్చు. మగబిడ్డలో ఆ ఆనవాలూ ఉండదు. రెండో వారంలో పాలు తాగడం మానేసి, వాంతులతో చిక్కిపోతున్న బిడ్డకు దిష్టి తగిలిందని ఇంట్లో అనుకుంటుండగానే, ఒంట్లోని ఉప్పు మూత్రంలో కొట్టుకుపోతుంది. రక్తపరీక్షలో సోడియం పడిపోయి, పొటాషియం పెరిగి కనిపిస్తుంది. అప్పుడు సెలైన్, కార్టిసాల్‌కు బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మందు వెంటనే అందితే బిడ్డ దక్కుతుంది. ఆపైన జీవితాంతం మాత్రలు వాడాలి, జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు మోతాదు పెంచాలి.

తొందర పడవలసింది ఇక్కడ. మనం తొందరపడేది మాత్రం నలుగురి కంటా పడకముందే ఆపరేషన్ చేయించేద్దామని. మూత్రం పోయే దారికి అడ్డంకి ఉంటే శస్త్రచికిత్స తప్పదు. కేవలం రూపం కోసం, మాటలైనా రాని బిడ్డ ఒంటి మీద కత్తి పెట్టడాన్ని నేను సమర్థించలేను. పోయిన స్పర్శ తిరిగి రాదు.

అన్ని తేడాలూ పురిట్లోనే బయటపడవు. సాధారణంగా మగవారిలో ఉండే ఎక్స్‌వై క్రోమోజోములు ఉండీ, శరీరం పురుష హార్మోనుకు ఏమాత్రం స్పందించని అమ్మాయి సంగతి, పదహారేళ్లు వచ్చినా పెద్దమనిషి కాలేదని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు గానీ తెలియకపోవచ్చు. అంతమాత్రాన ఆమెను మగవాడనడం అన్యాయం.

మద్రాసు హైకోర్టు 2019 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పును అనుసరించి, ప్రాణాపాయం ఉంటే తప్ప ఇంటర్‌సెక్స్ శిశువులకు, అంటే ఇలా ఆడ, మగ లక్షణాల్లో పుట్టుకతోనే తేడా ఉన్నవారికి, ఇలాంటి ఆపరేషన్లు చేయరాదని తమిళనాడు ప్రభుత్వం ఆగస్టులో జీవో ఇచ్చింది. నెల్లూరు నుంచి పెద్ద వైద్యానికి చెన్నై వెళ్లిన బిడ్డకు ఆ రక్షణ ఉంటుంది. అదే బిడ్డకు ఒంగోలులో ఆపరేషన్ చేస్తే ఆ జీవో వర్తించదు. అంత స్పష్టమైన నిషేధం ఆంధ్రప్రదేశ్‌కూ కావాలి. దానితోపాటు, పుట్టిన తొలి రోజుల్లో మడమ నుంచి రక్తపు చుక్క తీసి ఈ అడ్రినల్ లోపాన్ని పట్టించే 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ పరీక్ష ఉదయగిరిలోనూ కొండపిలోనూ జరిగే కాన్పులకు సైతం అందాలి. బయటికి ఏ తేడా కనిపించని మగబిడ్డను ప్రాణం మీదికి రాకముందే గుర్తించగలిగేది ఆ పరీక్షే.