తుపాను గారికి, అనంతపురం నుంచి

మహారాజశ్రీ బంగాళాఖాతం తుపాను గారికి,

మొన్న తమరు దయచేశారు, సంతోషం. వేరుశనగ పీకి, కాయలతో ఉన్న మొక్కల కట్టె చేన్లో ఆరబెట్టిన మర్నాడే దయచేశారు. టీవీ మ్యాపులో తమరు గుండ్రంగా తిరుగుతుంటే మా బావమరిది బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు, "ఇంకేం బావా, కరువు తీరినట్టే" అని. వాడికేం, అపార్ట్‌మెంట్లో ఉంటాడు.

ఆగస్టులో ఎక్కడున్నారు స్వామీ? పైరు ఊడలు మట్టిలోకి దిగే వేళ. ఒక్క పదును వాన పడుంటే కాయ నిండేది. తమరి వంశం అప్పుడు ఖాళీగా కూడా లేదు. అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి పుట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దారి పట్టాయి. నైరుతి మబ్బును పడమటి కనుమలు పిండుకున్నాక మాకు మిగిలింది గాలే. బెట్టకు పైరు వాడింది, కాయ డొల్లయింది. ఆ డొల్లను తడపడానికి ఇప్పుడొచ్చారు.

కట్టె తిరగేస్తే అడుగున బూజు. కాయ చిట్లిస్తే లోపల తెల్లటి మొలక. ఎద్దు వాసన చూసి మూతి తిప్పుకుంది. వ్యాపారి పిడికెడు కాయలు చెవి దగ్గర ఊపి, "తేమ" అన్నాడు. ఆ ఒక్క మాటకే ధర పడిపోయింది.

పైగా ఏడాది మొత్తానికి మాకు రాసిపెట్టింది 550 మిల్లీమీటర్ల దరిదాపు. రెండు రాత్రుల్లో తమరు కుమ్మరించింది ఈ ఏడాది లెక్కలో కలిపితే కాగితం మీద లోటు మాయం! నీళ్లు మాత్రం పలచటి ఎర్రమన్ను మీద నిలవకుండా వంకలో పడ్డాయి, వంక పెన్నలో, పెన్న సముద్రంలో. తెచ్చిన సరుకు తమరింటికే చేరింది.

తమకు పేరు పెట్టడానికి 13 దేశాలు వంతులేసుకుంటాయట. మా కరువుకు పేరు పెట్టే దిక్కు లేదు.

చెరువులో కాసిన్ని నీళ్లు చేరాయి, బోర్లు కొంచెం తేరుకుంటాయి, కాదనను. కర్నూలు నల్లరేగడిలో శనగ విత్తేవాళ్లకు ఆ తడే ఆధారం. అదీ విత్తకముందు పడితేనే. విత్తాక పడితే విత్తనం కుళ్లి వాళ్లూ నాలాగే కాగితం, కలం పట్టుకుంటారు.

అసలు కరువు తీర్చే పద్ధతి ఇదేనా? 2021 నవంబరులో కడప జిల్లా చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. ఇళ్లు పోయాయి, మనుషులు పోయారు. అప్పుడొచ్చింది తుపాను కూడా కాదు, ఉత్త వాయుగుండం. దాహమని అడిగినోడి పీక నీళ్లలో ముంచుతారా ఎవరైనా?

రావద్దనే ధైర్యం ఈ జిల్లాలో ఎవరికీ లేదు, అది నీకూ తెలుసు. వస్తే వేళకు రా. కుదరదంటావా, కట్టె వామికి చేరేదాకా ఆ సముద్రంలోనే తిరుగు. ఇక్కడ టార్పాలిన్ పట్టల బాడుగ కట్టలేక చస్తున్నాం.

ఇట్లు,
అనంతపురం జిల్లా వేరుశనగ రైతు