సవరణ: దోమకొండ కోటకు వచ్చింది అవార్డు, హోదా కాదు

కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు రామప్పలాగే ప్రపంచ వారసత్వ హోదా వచ్చిందని మొన్న రాశాను. తప్పు నాదే. రామప్పకు 2021లో దక్కింది హోదా. దోమకొండకు 2022లో వచ్చింది యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో 'మెరిట్'. ఈ అవార్డులు కట్టడం గొప్పతనానికి కాదు, దాన్ని బాగుచేసిన పనితనానికి ఇస్తారు. రెండూ యునెస్కోవే కాబట్టి పొరబడ్డాను.

అదే ఏడాది గోల్కొండ మెట్లబావులకు అంతకన్నా పైదైన 'డిస్టింక్షన్' వచ్చింది. అసలు ముందు రాయాల్సింది దాని గురించే! 2013 వానలకు ఆ మెట్లబావుల్లో ఒకటైన, కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి బడీ బావిలో కొంత భాగం కూలిపోయింది. దాన్ని మళ్లీ నిలబెట్టారు. అన్నిటికన్నా పైనున్న 'ఎక్సలెన్స్' మాత్రం ముంబై ఛత్రపతి శివాజీ మ్యూజియానిది.