మెట్ల మీద బీరువా

విలీనం పూర్తయిందన్నారు. వెళ్లి చూసొచ్చాను. నిజమే, ఒక్క బీరువా మాత్రం మిగిలింది.

అనంతపురంలో ఏ ఆఫీసో చెప్పను. జిల్లాను అభివృద్ధి చేసే ఆఫీసులు ఇక్కడ ఒకటా రెండా, ఎవరికి వారు తమదే అనుకోవచ్చు. పై అంతస్తులో ఒక సంస్థ, కింద ఇంకొకటి. ఇద్దరూ చేసే పని ఒకటే, ఇద్దరూ చేయని పనీ ఒకటే. కలిపేస్తే ఖర్చు తగ్గుతుందని పైవాళ్లకు తోచింది, కలిపారు. కింది బీరువాను పైకి చేర్చాల్సి వచ్చింది. నలుగురు మోస్తే అది మెట్ల మలుపులో ఇరుక్కుంది. పైకి పోదు, కిందికి రాదు. ఫైళ్లు తీసి బరువు తగ్గిద్దామంటే, డెప్యుటేషన్ మీద వచ్చిన గుమాస్తా సొంత శాఖకు పోతూ పోతూ తాళంచెవిని జేబులో వేసుకుపోయాడు. అడిగితే, లెటర్‌హెడ్ మీద రాసి పంపండి, ఇస్తానన్నాడట. పాత లెటర్‌హెడ్ చెల్లదు. కొత్తది అచ్చు వేయించడానికి అనుమతి కావాలి. ఆ ఫైలు బీరువాలో ఉంది.

ఇదంతా జరిగి చాలా నెలలైంది. ఇప్పుడు అర్జీదారులు ఊపిరి బిగబట్టి, గోడకు వీపు ఆనించి, పక్కకు నడుస్తూ పైకి పోతారు. పొట్ట ఉన్నవాళ్లకు ఆ దారి పనికిరాదు. అయినా కాంట్రాక్టర్లకు వెనక మెట్లున్నాయి కాబట్టి పాలన ఆగలేదు. బీరువా మీద టీ ఫ్లాస్కు, ఉగ్గాని పొట్లాలు, ఎవరిదో హెల్మెట్. ఆయుధపూజ నాడు దానికి పసుపూ కుంకుమా పెట్టి గుమ్మడికాయ కొట్టారు. ఒక ముసలామె కళ్లకద్దుకుని, కాళ్ల దగ్గర రూపాయి బిళ్ల పెట్టి పోయింది. విలీన సంస్థకు వచ్చిన మొదటి ఆదాయం అదేనని అటెండరు చెప్పాడు. నేను నమ్మాను.

మనకు సంస్థల కరువు ఎప్పుడూ లేదు. వానకే కరువు. అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థకు అహుడా అని పేరు పెట్టారు. పిలిస్తే ఎవరో తుమ్మినట్టుంటుంది. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం నూరు కిలోమీటర్లకు పైనే, ఆ నడుమంతా పట్టణమే అనుకోవాలన్నమాట. పుట్టపర్తికి పుడా వచ్చింది, కర్నూలుకు కుడా వచ్చింది. కడపలో పెట్టిన సంస్థకు అన్నమయ్య పేరు పెట్టారు. తర్వాత అదే పేరుతో వేరే జిల్లా పుట్టి కడప నుంచి విడిపోయింది. సంస్థ ఆఫీసు మాత్రం కడపలోనే ఉండిపోయింది. ఇవి కాక గ్రామీణాభివృద్ధికి డీఆర్‌డీఏ, నీటి యాజమాన్యానికి డ్వామా, జిల్లా పరిశ్రమల కేంద్రం, పరిశ్రమల వసతులకు ఏపీఐఐసీ. శెనక్కాయ రైతు వీటి పేర్లు వరసగా చెప్పగలిగితే గ్రూప్స్ పరీక్ష రాయొచ్చు.

కలపడం, విడదీయడం మనకు కొత్త కాదు. డీఆర్‌డీఏలకు ఇచ్చే పాలనా ఖర్చును 2022 ఏప్రిల్ 1 నుంచి ఆపేస్తూ, వాటిని జిల్లా పరిషత్తుల్లో కలపమని ఢిల్లీ చెప్పింది. సరిగ్గా మూడు రోజులకు, ఏప్రిల్ 4న, మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లా పరిషత్తులు మాత్రం 13గానే ఉండిపోయాయి. అంటే అనంతపురం నుంచి విడిపోయిన శ్రీ సత్యసాయి జిల్లాకు పుట్టపర్తిలో కలెక్టరు కొత్త, అనంతపురంలో పరిషత్తు పాత. ఆ కొత్త జిల్లాలోని మడకశిర మనిషి కర్ణాటక సరిహద్దు నుంచి బయల్దేరి ఒక పనికి ఒక ఊరికి, ఇంకో పనికి ఇంకో ఊరికి పోవాలి. అభివృద్ధి ఎవరికి జరిగిందని అడిగితే ఆర్టీసీకి అని చెప్పొచ్చు.

డబ్బు సంగతి పెద్దగా చెప్పాల్సింది లేదు. రాష్ట్ర విభజన తర్వాత వెనకబడిన జిల్లా అని కేంద్రం ఏడాదికి 50 కోట్లు ఇచ్చింది, మూడేళ్లు. అప్పటి అనంతపురం జిల్లా 63 మండలాలకు పంచి చూడండి. మండలానికి ఏడాదికి 80 లక్షలు కూడా రాదు.

ఇంతకీ ఆ రోజు మెట్ల కింద ఒక సర్పంచి కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల నొప్పులట, బీరువా సందులో దూరలేడు. ఊరి పక్కన లేఔట్ లేచింది. దాని అనుమతి గురించి పైన మాట్లాడుకున్నారు, పైనే తేల్చారు. ఇప్పుడు ఆ ఇళ్ల మురికి నీళ్లు బడి ముందు నిలబడుతున్నాయి. జనం వచ్చి కాలర్ పట్టుకునేది మాత్రం సర్పంచిని. ఓట్లేయించుకున్నవాడు కింద మెట్టు మీద కూర్చున్నాడు. ఒక్క ఓటూ అడగకుండా నామినేటెడ్ పదవిలోకి వచ్చినాయన పైన ఏసీలో ఉన్నాడు. కాలువ తవ్వించడానికి పంచాయతీలో డబ్బేది? ఆర్థిక సంఘం ఇచ్చిన నిధులను 2021లో రాష్ట్ర ప్రభుత్వం కరెంటు బకాయిల కింద జమ కట్టుకుంటే సర్పంచులు జోలె పట్టి భిక్షాటన చేశారు ఈ రాష్ట్రంలో. అడుక్కున్నారండీ, ఎన్నికైన మనుషులు! సిగ్గుపడాల్సింది వాళ్లా?

కలపాలని అంత ఆత్రంగా ఉంటే కలపాల్సిన చోటు రాజ్యాంగంలోనే రాసి ఉంది. 243జడ్‌డీ అధికరణ, 1993 నుంచి అమల్లో ఉంది. జిల్లాకొక ప్రణాళికా కమిటీ ఉండాలి, పంచాయతీల ప్లాన్లు, మునిసిపాలిటీల ప్లాన్లు కలిపి అది జిల్లా ప్లాన్ తయారు చేయాలి, అందులో అయిదింట నాలుగు వంతుల మంది జనం ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. ఊరి మనిషి కూర్చోవాల్సిన కుర్చీ అది. దాన్ని మూలన పడేసి, దాని పని చేయడానికి ఒక సంస్థ, అది చేయలేదని ఇంకో సంస్థ, రెండూ చేయలేదని విలీనం! ఏ పార్టీ వచ్చినా ఇదే. బోర్డు మీద రంగు మారుతుంది, చైర్మన్ కారు మారుతుంది, మా మడకశిర మనిషి బస్సు మాత్రం మారదు.

సర్పంచి సాయంత్రం దాకా చూశాడు. లేచి, అర్జీని నాలుగు మడతలు పెట్టి, బీరువా తలుపు సందులోంచి లోపలికి తోశాడు.

"పడిందిలే సామీ," అన్నాడు నాతో. "ఇంగ మన ఊరు గూడా ఫైల్లో ఉన్నట్టే."