బాండు రాయించుకుంటే సీహెచ్‌సీలో సిజేరియన్ జరుగుతుందా?

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి వచ్చే వాదన ఇది: "సర్కారు సొమ్ముతో పీజీ చదివి పల్లెకు పోనంటున్నారు. బాండు 50 లక్షలు చేసి తలా ఒక సీహెచ్‌సీకి తోలితే ఏడాదిలో ఖాళీలే ఉండవు. ఒక్క గైనకాలజిస్టు ఉంటే కాన్పులన్నీ అక్కడే. అప్పటికీ రాకపోతే జీతం రెట్టింపు చేయండి." బాండు అంటే పీజీ అయ్యాక కొంతకాలం సర్కారు ఆసుపత్రిలో పనిచేస్తానని, లేదంటే ఆ సొమ్ము కడతానని రాసిచ్చే హామీ. సీహెచ్‌సీ అంటే సామాజిక ఆరోగ్య కేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) పైమెట్టు. కోపం న్యాయమైనదే, లెక్కే తప్పు.

"ఖాళీలే ఉండవు"

ఖాళీ అనాలంటే ముందు పోస్టంటూ ఉండాలి కదా. 2022 మార్చి 31 నాటి కేంద్ర గ్రామీణ ఆరోగ్య గణాంకాల్లో గ్రామీణ సీహెచ్‌సీలు 5,480. ఒక్కోదానికి సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు చొప్పున 21,920 మంది కావాలి. మంజూరైన పోస్టులు 13,637. పనిలో ఉన్నది 4,485 మంది. మంజూరైనవన్నీ రేపే నింపినా ఇంకో 8,283 పోస్టులు కాగితం మీద కూడా లేవు. వాటికి కావాల్సింది ఆర్థిక శాఖ అనుమతి, బాండు కాదు. పైగా ఈ నలుగురి లెక్కలో మత్తు డాక్టరు లేరు.

"ఒక్క గైనకాలజిస్టు చాలు"

అసలు చిక్కంతా ఇక్కడే. వారానికి 168 గంటలు. ఒక మనిషి పనిచేసేది 48. రాత్రీపగలూ కాన్పులు చూడాలంటే ముగ్గురు కూడా చాలరు. పిలిస్తే వచ్చే పద్ధతిలో (ఆన్‌కాల్) నెట్టుకొచ్చినా ఇద్దరు తప్పదు. సిజేరియన్‌కు మత్తు డాక్టరు, బిడ్డను అందుకుని ఊపిరి సరిచూసేవారు, థియేటర్ నర్సు, రక్తం కావాలి. రక్తనిల్వ కేంద్రం అంటే మామూలు ఫ్రిజ్ కాదు. 2 నుంచి 6 డిగ్రీల మధ్య నిలిపే ప్రత్యేక ఫ్రిజ్, కరెంటు పోతే జనరేటర్, రక్తం పంపే బ్లడ్ బ్యాంకుతో ఒప్పందం ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా స్పెషలిస్టు చేసేది రిఫర్ చీటీ రాయడమే. కొన్నాళ్లకు చేతి నైపుణ్యం తగ్గుతుంది, ఆపైన డెప్యుటేషన్ మీద జిల్లా ఆసుపత్రికి వెళ్లిపోతారు. రికార్డులో మాత్రం సీహెచ్‌సీ పోస్టు "భర్తీ".

ఎంబీబీఎస్ డాక్టర్లకు అత్యవసర సమయంలో మత్తు ఇవ్వడంలో శిక్షణ ఎప్పటినుంచో ఉంది. శిక్షణ అయ్యాక వాళ్లను తిరిగి థియేటరే లేని పీహెచ్‌సీకి పంపితే ఆ శిక్షణంతా వృథా. నాలుగు సీహెచ్‌సీలకు తలా ఒకరిని పంచేకంటే, ఇద్దరు గైనకాలజిస్టులు, ఇద్దరు మత్తు డాక్టర్లు, ఒక పిల్లల డాక్టరును ఒకే ఏరియా ఆసుపత్రిలో పెట్టి మిగతా చోట్ల నుంచి అంబులెన్సు నడపడం మేలు. మా ఊరి సీహెచ్‌సీ సంగతేంటని ఎమ్మెల్యేలు అడుగుతారు, నిజమే.

"బాండు 50 లక్షలు చేయండి"

చట్టం అడ్డు రాదు. నిర్బంధ సేవా బాండ్లు చెల్లుతాయని 2019 ఆగస్టు 19న సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మొత్తం పెంచితే కట్టగలిగినవాళ్లు కట్టి పోతారు, కట్టలేనివాళ్లే మిగులుతారు. బాండు కాలం ఏడాదే అయితే పోస్టింగు ఆలస్యం, మధ్యలో పై చదువుకు (సూపర్ స్పెషాలిటీ) సీట్ల కౌన్సెలింగ్ పోను మిగిలేది కొద్ది నెలలు. ఇంకో సంగతి: బాండు మీద వచ్చేవాళ్లలో రోగులకు ఆపరేషన్లు చేయని పాథాలజీ, బయోకెమిస్ట్రీ చదివినవారూ ఉంటారు. తెలంగాణలో 2022 నవంబరులో ఒకేరోజు 8, మరుసటి సెప్టెంబరులో 9 ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. తనిఖీల్లో సీనియర్ రెసిడెంట్ల (పీజీ పూర్తిచేసి అక్కడ పనిచేసే డాక్టర్ల) లెక్క చూపాలి కాబట్టి కళాశాలలకు కూడా వీళ్లే కావాలి.

"జీతం రెట్టింపు"

ఎంత కావాలో డాక్టరే కోట్ చేసే పద్ధతిని జాతీయ ఆరోగ్య మిషన్ ఎప్పుడో అనుమతించింది. కాంట్రాక్టు రెన్యువల్ అవుతుందో లేదో తెలియకపోతే కుటుంబంతో వచ్చి కాపురం పెట్టరు. అంకె కంటే అది పెద్ద లోపం.

"పీజీలను జిల్లాలకు పంపుతున్నారుగా"

అవును, చదువుతుండగానే మూడు నెలలు, స్పెషలిస్టు పర్యవేక్షణలో. పర్యవేక్షించే స్పెషలిస్టే లేనిచోట ఆ శిక్షణ నడవదు.

ఈ వాదనలో ఎక్కడా కనబడని దారి ఒకటుంది: సర్వీసు కోటా. పీహెచ్‌సీలో పనిచేసిన డాక్టరు పీజీ చేసి స్పెషలిస్టుగా అదే సర్వీసులోకి తిరిగి వస్తారు. పీజీ డిగ్రీ సీట్లలో ఆ కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు తేల్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 85వ జీవో ఆ కోటాను తగ్గించినప్పుడు పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగింది అందుకే. తిరిగొచ్చేవారికి పోస్టింగు కౌన్సెలింగులో ఖాళీలతో పాటు ఆ ఆసుపత్రిలో మత్తు డాక్టరు, రక్తనిల్వ ఉన్నాయో లేవో కూడా చూపితే గైనకాలజిస్టు థియేటరున్న చోటే చేరతారు.